చర్చి ఫుడ్ పాంట్రీలో వాలంటీర్‌గా చేయాలంటే: అమెరికాలోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుడ్ పాంట్రీ, ఫుడ్ బ్యాంక్ ఒకటేనా?

కాదు. ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోదాము. కంపెనీల నుంచి, రైతుల నుంచి, ప్రభుత్వం నుంచి లారీల కొద్దీ సరుకు అక్కడికి చేరుతుంది. అక్కడి నుంచి తెచ్చుకుని ఇరుగుపొరుగు వాళ్లకు పంచేది పాంట్రీ. అది ఎక్కువగా ఏదో ఒక చర్చి బేస్‌మెంట్‌లోనో, పక్కనున్న హాల్లోనో నడుస్తుంది. మొదటి ఫుడ్ బ్యాంక్ 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో సెయింట్ మేరీస్ పేరుతో మొదలైంది. దాని వెనకున్న జాన్ వాన్ హెంగెల్‌కి ఆసరాగా నిలిచింది కూడా ఒక చర్చే. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అనే దేశవ్యాప్త సంస్థ కింద దాదాపు 200 ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి.

ఈ తేడా తెలిస్తే ఒక ఉపయోగం ఉంది. ఆఫీసు టీమ్‌తో ఒక్కరోజు వెళ్లి డబ్బాలు సర్దాలనుకుంటే ఫుడ్ బ్యాంక్‌కి వెళ్లండి. ముప్పైమంది ఒకేసారి వచ్చినా వాళ్లకు పని ఉంటుంది. చిన్న చర్చి పాంట్రీకి ముప్పైమంది వెళ్తే నిలబడడానికి చోటుండదు. అక్కడ కావలసింది నెలనెలా తప్పకుండా వచ్చే ఇద్దరు ముగ్గురు.

మేం క్రైస్తవులం కాదు. చేయనిస్తారా? ప్రార్థనలో నిలబడాలా?

చాలా పాంట్రీల్లో వాలంటీర్ల మతం ఎవరూ అడగరు. తలుపులు తెరిచే ముందు వాలంటీర్లు గుండ్రంగా నిలబడి ఒక నిమిషం ప్రార్థన చేసుకోవడం మామూలే. ఇష్టముంటే నిలబడండి. లేదంటే ఆ నిమిషం వెనక గదిలో పెట్టెలు విప్పుకుంటూ ఉండండి, ఎవరూ తప్పుపట్టరు. ఇబ్బందిగా అనిపిస్తే మొదటి రోజే కోఆర్డినేటర్‌కి చెప్పేయడం మేలు.

సరుకు కోసం వచ్చేవాళ్ల విషయంలో మాత్రం నియమం గట్టిది. అమెరికా వ్యవసాయ శాఖ పంపే టెఫాప్ (అత్యవసర ఆహార సాయం పథకం) సరుకు ఇచ్చే చోట, ఆహారం కావాలంటే ప్రార్థనలో కూర్చోవాలని గానీ, కరపత్రం తీసుకోవాలని గానీ షరతు పెట్టకూడదు. మతపరమైన కార్యక్రమం ఏదైనా ఉంటే అది వేరే సమయంలో, లేదా వేరే చోట జరగాలి. వచ్చినవాళ్లు దానికి రావడం పూర్తిగా వాళ్ల ఇష్టం. గోడ మీద 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' అనే పోస్టర్ కనిపిస్తుంది. అది అలంకారానికి కాదు. వివక్ష ఎదురైతే ఎవరికి ఫిర్యాదు చేయాలో అందులో ఉంటుంది, దానికి అడ్డంగా పెట్టెలు పేర్చకండి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు చేయవచ్చా? హెచ్-4, ఎఫ్-1 వాళ్ల మాటేమిటి?

లాభాపేక్ష లేని సంస్థలో, ఏ ప్రతిఫలమూ లేకుండా, మామూలుగా వాలంటీర్లే చేసే పని చేయడం ఉద్యోగం కిందకి రాదు. పాంట్రీలో డబ్బాలు సర్దడం సరిగ్గా అలాంటి పనే. చిక్కు రెండుచోట్ల వస్తుంది. మొదటిది, ప్రతిఫలం. 'థాంక్యూ' అంటూ ఇచ్చే గిఫ్ట్ కార్డు గానీ, పని చేసినందుకని ఇచ్చే సరుకుల సంచి గానీ తీసుకోకండి. రెండోది, జీతానికి మనిషిని పెట్టుకుని చేయించే పని. చర్చి వెబ్‌సైట్ కట్టడం, పద్దులు రాయడం లాంటివి వర్క్ పర్మిట్ లేని హెచ్-4 వాళ్లు ఉచితంగా చేసినా ప్రశ్నలు రావచ్చు. అలాంటి పని ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని, ఎఫ్-1 అయితే కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి.

పెద్దవాళ్లకి ఇంకో సంగతి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకున్నాకే పంపండి. చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో, దెబ్బ తగిలితే చర్చి బాధ్యత లేదని ఉంటుంది. కూర్చుని చేసే పనులు చాలానే ఉంటాయి. డేట్లు చూడడం, సంచులు విప్పి అందించడం, ఉల్లిపాయల్లో కుళ్లినవి ఏరడం. ముందే అడిగితే కుర్చీ వేసి ఉంచుతారు.

ఎలా చేరాలి?

జిప్ కోడ్ ఇస్తే దగ్గరలోని పాంట్రీలను ఫీడింగ్ అమెరికా సైట్ గానీ, మీ ప్రాంతపు ఫుడ్ బ్యాంక్ సైట్ గానీ చూపిస్తుంది. అక్కడ కనిపించే ఫోన్ నంబరుకి పంచే రోజున చేయకండి, ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు. మర్నాడు చేయండి, లేదా ఈమెయిల్ రాయండి. మీరు ఏ వారం, ఏ గంటల్లో రాగలరో, ఎంత బరువు ఎత్తగలరో, స్పానిష్ లాంటి భాష ఏదైనా వచ్చో నాలుగు వాక్యాల్లో చెబితే చాలు.

తర్వాత ఒక ఫారం ఉంటుంది. వచ్చినవాళ్లతో నేరుగా మాట్లాడే పని అయితే ఏడాదికోసారి పౌరహక్కుల శిక్షణ, ఇళ్లకు సరుకు చేర్చే పని అయితే బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రైవింగ్ రికార్డు కూడా అడగవచ్చు. వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. చెప్పులతో వస్తే కూర్చోబెట్టేస్తారు. చున్నీ, పైట బిగించి కట్టుకోండి, కార్టు చక్రాల్లో ఇరుక్కుంటాయి.

పంచే రోజు ఏం జరుగుతుంది?

చోటును బట్టి మారుతుంది గానీ వరస ఇదే. తెరవడానికి రెండు గంటల ముందు ఫ్రిజ్, ఫ్రీజర్ ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో రాస్తారు. షెల్ఫులు నింపుతారు. ఏది ఒక్కో ఇంటికి ఎన్ని ఇవ్వాలో అప్పుడే తేల్చాలి. తొలి గంటలో దండిగా ఇచ్చేసి, ఆఖర్న వచ్చినవాళ్లకి ఉత్త చేతులు చూపించడం కొత్త పాంట్రీలు తరచుగా చేసే పొరపాటు. 80 కుటుంబాలు వస్తాయని అంచనా, గుడ్లు 60 డజన్లే ఉన్నాయనుకోండి. 'గుడ్లు లేదా చీజ్, ఏదో ఒకటి' అని బోర్డు పెడితే సరిపోతుంది. డజను అట్టలను సగానికి కోసి ఇవ్వకండి, వాటి మీద ఉండే డేట్, లాట్ (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు) వివరాలు పోతాయి.

లైన్లో ఎవరి వంతు ఎప్పుడో చెప్పే నంబర్లను, వచ్చిన వరసలో కాకుండా చీటీ తీసి ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. దీని వల్ల తెల్లారకముందే వచ్చి చలిలో నిలబడాల్సిన అగత్యం తప్పుతుంది.

కార్లలో వచ్చి తీసుకెళ్లే పద్ధతి అయితే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కారు పార్క్ గేర్‌లో పడ్డాకే డిక్కీ దగ్గరికి వెళ్లాలి. ముందు కారుకీ వెనక కారుకీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు, వెనక డ్రైవర్ కాలు బ్రేకు మీంచి జారితే చాలు. సంచి కిటికీలోంచి కాకుండా డిక్కీలోనే పెట్టండి. డిక్కీ నిండిపోయి ఉంటే వెనక సీటు తలుపు డ్రైవర్నే తెరవమనండి.

బనానా బాక్స్, బనానా బాక్స్ అంటుంటారు. ఏమిటది?

అరటిపండ్లు వచ్చే మూతపెట్టె. దాదాపు 40 పౌండ్ల పండ్లు పట్టేలా చేసింది, గట్టిది, చేతులు పట్టుకోవడానికి కన్నాలుంటాయి, ఒకదాని మీద ఒకటి నిలబడుతుంది. పాంట్రీల్లో కొలతబద్ద అదే. అడుగున పెద్ద కన్నం ఉంటుంది, అట్టముక్క వేయకపోతే సరుకు జారి నేల మీద పడుతుంది. డబ్బాలతో పూర్తిగా నింపితే ఎత్తలేనంత బరువవుతుంది. సగం దాకా డబ్బాలు, పైన సీరియల్, పాస్తా లాంటి తేలికవి వేయండి. గాజు సీసాలు మధ్యలో పెట్టండి. ప్యాలెట్ జాక్ (పెట్టెలు పేర్చిన చెక్క పలకను ఎత్తి లాగే బండి) జోలికి మాత్రం నేర్పించకుండా వెళ్లకండి, 18 ఏళ్ల లోపు వాళ్లను అసలే వెళ్లనివ్వరు.

వచ్చినవాళ్లని ఏమేం అడగాలి?

ఫారంలో ఉన్నవి మాత్రమే. మామూలుగా పేరు, ఎక్కడ ఉంటారు, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఫలానా పరిమితి లోపల ఉందా అన్నవి. ఆదాయం విషయంలో మామూలుగా వాళ్లు చెప్పి సంతకం పెడితే అదే లెక్క, మీ అంతట మీరు పే స్లిప్పులు చూపించమనకండి. మిగతా వివరాలు రాష్ట్రాన్ని, పాంట్రీని బట్టి మారతాయి, కోఆర్డినేటర్ ఇచ్చిన కాగితమే మీకు ప్రమాణం. 'ఉద్యోగం ఎందుకు పోయింది?', 'భర్త ఏం చేస్తాడు?' లాంటి ప్రశ్నలు మన ఊళ్లో పలకరింపు కావచ్చు. ఇక్కడ, లైన్లో నిలబడ్డ మనిషికి అవి విచారణలా వినిపిస్తాయి.

ఫారం నింపేటప్పుడు జవాబులు బయటికి చదవకండి, వేలితో చూపించండి. వెనకున్నవాళ్లకి వినపడనక్కర్లేదు.

మంచి కారులో వచ్చినవాళ్లకి కూడా ఇవ్వాలా?

ఇవ్వాలి. ఆ కారు పొరుగింటివాళ్లది కావచ్చు, ఉద్యోగం ఉన్నప్పుడు కొన్నది కావచ్చు, ముగ్గురు వృద్ధులకి సరుకు తీసుకెళ్లడానికి వచ్చినది కావచ్చు. అర్హత తేల్చేది ఫారం. మీ కన్ను కాదు.

సంచి మనమే సర్ది ఇస్తామా, వాళ్లు ఎంచుకుంటారా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. ముందే సర్దిన సంచి త్వరగా పంచవచ్చు, చోటు తక్కువైనా సరిపోతుంది. కానీ షుగర్ ఉన్నవాళ్లకి పండ్ల సిరప్ డబ్బా, ఓవెన్ లేనివాళ్లకి కేక్ మిక్స్, పంది మాంసం తినని ఇంటికి హామ్ వెళ్తాయి. అవన్నీ చివరికి చెత్తబుట్టలో తేలతాయి. దుకాణంలోలా షెల్ఫుల మధ్య తిరిగి ఎంచుకోనిస్తే తినేవే తీసుకెళ్తారు. చోటు ఉంటే ఇదే మంచిదని మా అభిప్రాయం. మనిషి ఎక్కువ కావాలి, టైమూ పడుతుంది, అయినా సరే.

ఎంచుకునే పద్ధతిలో వాలంటీర్ పని పక్కన నడుస్తూ సాయం చేయడం. 'కుటుంబం 4, కూరగాయల డబ్బాలు 6' అని పరిమితి చెప్పి ఊరుకోండి. 'బ్రకోలీ మంచిది, తీసుకోండి' అని ఒత్తిడి చేయకండి. మన ఇళ్లల్లో కొసరి కొసరి వడ్డించడం మర్యాద. పాంట్రీలో వద్దన్నది వద్దన్నట్టే.

డేట్ దాటిన డబ్బాలు ఇవ్వవచ్చా? అది అవమానం కాదా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా. 'బెస్ట్ బై', 'సెల్ బై' అన్నవి రుచి, నాణ్యతల గురించి తయారీదారు వేసే అంచనాలు. తింటే ప్రమాదమని చెప్పేవి కావు. ఫెడరల్ చట్టం తప్పనిసరి చేసిన డేట్ ఒక్కదానికే ఉంది. అది పసిపిల్లల ఫార్ములా. దాని మీద 'యూజ్ బై' ఒక్కరోజు దాటినా పారేయాల్సిందే, 'సీల్ ఉంది కదా' అనడానికి లేదు.

మిగతావాటికి ఫుడ్ బ్యాంక్ ఒక పట్టిక ఇస్తుంది. టమాటా, పండ్లు, పైనాపిల్ లాంటి పులుపు డబ్బాలు 12 నుంచి 18 నెలలు, బీన్స్, మొక్కజొన్న, ట్యూనా లాంటివి 2 నుంచి 5 ఏళ్లు నాణ్యంగా ఉంటాయన్నది వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. మీ పాంట్రీ ఆ పట్టికలో ఎంతవరకు ఒప్పుకుంటుందో అంతవరకే ఇవ్వండి. డేట్ మీద మార్కర్‌తో కొట్టేయడం, చింపేయడం మాత్రం వద్దు. ఎవరైనా అడిగితే పట్టిక చూపించి చెప్పండి, తీసుకోవాలో వద్దో వాళ్లిష్టం.

డేట్ కంటే డబ్బా ఒళ్లు ముఖ్యం. ఉబ్బినది, కారుతున్నది, మూత దగ్గరి అంచు మీద గానీ పక్క అతుకు మీద గానీ సొట్ట పడినది, వేలు ఇరికేంత లోతు సొట్ట ఉన్నది, తుడిచినా పోని తుప్పు పట్టినది పారేయాలి. అతుకు కదిలితే కంటికి కనపడని సందులోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ఉబ్బిన డబ్బాలో బాట్యులిజం విషం ఉండే అవకాశం ఉంది, తెరిచి వాసన చూడకండి. నడుము దగ్గర చిన్న సొట్ట మాత్రం ఫర్వాలేదు.

సర్దేటప్పుడు ముందు రకాల వారీగా విడదీసి, తర్వాత డేట్లు చూడండి. రెండూ ఒకేసారి చేయబోతే రెండూ తప్పుతాయి. డేట్ సన్నగా ఉంటే నెల, సంవత్సరం డబ్బా పైన పెద్దగా రాయండి. షెల్ఫులో కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి.

పాలు, మాంసం, గుడ్ల సంగతి?

ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకంటే తక్కువ, ఫ్రీజర్ 0. బయట రెండు గంటలు మించి ఉంచకూడదు. ఎండ 90 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. అమెరికాలో దుకాణాలకు వచ్చే గుడ్లు కడిగినవి, పైపొర పోయి ఉంటుంది, కాబట్టి మన ఊళ్లోలా బయట బుట్టలో పెట్టడం కుదరదు. ప్రతి అట్టా తెరిచి పగుళ్లు చూడండి.

సూపర్‌మార్కెట్ల నుంచి మిగులు సరుకు తెచ్చే డ్రైవర్లు ఐస్ ప్యాకులు, ఇన్సులేటెడ్ దుప్పటి వెంట తీసుకెళ్లాలి. మాంసం డేట్ రాకముందే దుకాణంవాళ్లు గడ్డ కట్టించి ఇస్తారు, అందుకే 'పోయిన నెల డేట్ ఉందే' అని కంగారు పడక్కర్లేదు. కరిగి మళ్లీ గడ్డ కట్టిందన్న అనుమానం వస్తే వేరు. ప్యాకెట్ అడుగున ఎర్రటి మంచుగడ్డ పేరుకుని ఉంటే కోఆర్డినేటర్‌కి చూపించండి.

మేం శాకాహారులం. మాంసం ముట్టుకోవాలా?

అక్కర్లేదు. కూరగాయలు, పొడి సరుకులు, చెక్-ఇన్ బల్ల దగ్గర వేయమని అడగండి.

పెద్ద బస్తా బియ్యం చిన్న ప్యాకెట్లు కట్టవచ్చా?

ఫుడ్ బ్యాంక్ అనుమతి ఉన్న పాంట్రీలోనే. 50 పౌండ్ల బస్తాకి రెండేసి పౌండ్ల ప్యాకెట్లు 25 రావాలి. ఒలికేది పోను 24 అని లెక్క వేసుకోండి. రెండు పౌండ్లంటే ఇక్కడి కొలత కప్పుతో నాలుగున్నర కప్పులకు కాస్త అటూఇటూ, కానీ కప్పును నమ్మకండి, త్రాసు వాడండి. ఖాళీ గిన్నె పెట్టి త్రాసును సున్నాకి తెచ్చుకున్నాకే తూచాలి. జుట్టుకి వల, చేతులకి గ్లోవ్స్. ప్యాకెట్‌లో గాలి పూర్తిగా తీసేయండి, లేదంటే పేర్చినప్పుడు పగులుతుంది.

లేబుల్ మీద సరుకు పేరు, కట్టిన తేదీ, బస్తా మీది లాట్ నంబరు ఉండాలి. లాట్ నంబరు లేకపోతే రేపు కంపెనీ సరుకు వెనక్కి పిలిస్తే ఏ ప్యాకెట్లో తెలియదు. ఎలర్జీ కలిగించే ఈ తొమ్మిదింటిలో ఏవి ఉన్నా పేర్కొనాలి: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల జాతి, చెట్టు గింజలు (బాదం, జీడిపప్పు లాంటివి), వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు. నువ్వులు ఈ జాబితాలోకి 2023 జనవరి 1 నుంచి వచ్చాయి. గోధుమపిండి కట్టిన బల్ల మీద కడగకుండా బియ్యం కట్టకండి.

ఇంట్లో చేసిన పులిహోర, ఆవకాయ ఇస్తామంటే?

తీసుకోరు. ఎంత శుభ్రంగా చేసినా సరే. ఇంట్లో వండినది, ఇంట్లో సీసాకి ఎత్తినది, విప్పిన ప్యాకెట్, సగం వాడిన బస్తా, ఏవీ పనికిరావు. సీల్ తీయని సోనా మసూరి బస్తా తీసుకుంటారు గానీ, పైన చెప్పినట్టు కట్టే ఏర్పాటు ఉందో ముందు కనుక్కోండి. 2 లేదా 5 పౌండ్ల ప్యాకెట్లయితే ఏ చిక్కూ లేదు.

కందిపప్పు కంటే ఎర్ర కందిపప్పు, శనగలు, రాజ్మా, బ్లాక్ బీన్స్ మేలు. ఎక్కువమందికి వండడం తెలుసు. ఎప్పుడూ కొరత ఉండేవి: పీనట్ బటర్, ట్యూనా, చికెన్ డబ్బాలు, వంటనూనె, ఓపెనర్ అక్కర్లేకుండా లాగితే ఊడే మూత డబ్బాలు. ఇంకా డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, సబ్బు, టాయిలెట్ పేపర్. ఫుడ్ స్టాంపులతో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) ఇవి కొనుక్కోవడానికి వీల్లేదు, అందుకే షెల్ఫు మీద పెట్టిన గంటలో అయిపోతాయి.

మనం ఇచ్చినది తిని ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే?

1996లో వచ్చిన బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ చట్టం మంచి ఉద్దేశంతో దానమిచ్చేవాళ్లకి, పంచే సంస్థలకి రక్షణ ఇస్తుంది. ఘోరమైన నిర్లక్ష్యానికి, తెలిసి చేసిన తప్పుకి మాత్రం ఆ రక్షణ లేదు. ఫ్రిజ్ పుస్తకంలో చూడకుండానే అంకెలు రాసేయడం ఆ రెండో దారిలో వేసే మొదటి అడుగు.

తెలిసిన తెలుగువాళ్లు లైన్లో కనిపిస్తే?

కనిపిస్తారు. హెచ్-1బి మీద ఉద్యోగం పోయి 60 రోజుల గడువులో ఉన్నవాళ్లు, అద్దె కట్టాక చేతిలో ఏమీ మిగలని విద్యార్థులు. వాళ్లు పలకరిస్తేనే పలకరించండి. ఆ బల్ల దగ్గరి పని ఇంకొకరికి ఇచ్చి పక్కకి వెళ్లడం ఇంకా మంచిది. ఇంటికెళ్లాక ఎవరికీ చెప్పకండి, భార్యకైనా, భర్తకైనా. మన సంఘాల్లో కబురు ఒక్క వారాంతంలో ఊరంతా తిరుగుతుంది, ఆ తర్వాత వాళ్లు ఆకలితో ఉన్నా మళ్లీ రారు. ఫోటోలు, వాట్సాప్ స్టేటస్‌లు, వెనకాల మనుషులు కనపడే సెల్ఫీలు కూడా వద్దు.

విద్యార్థులకు ఇంకో దారి ఉంది, చాలా కాలేజీల్లో సొంత పాంట్రీలున్నాయి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1993లోనే మొదలైంది. ఇలాంటి కాలేజీ పాంట్రీల్లో చాలాచోట్ల ఐడీ చూపిస్తే సరిపోతుంది. అవసరం లేకపోయినా 'ఉచిత సరుకులు' అని వెళ్లి వీడియోలు పెట్టడం మాత్రం నిజంగా అవసరమున్న వాళ్ల దారిని మూస్తుంది.

మిగిలినవి వాలంటీర్లు ఇంటికి తీసుకెళ్లవచ్చా?

వద్దు. పాడవబోయే అరటిపళ్లయినా కోఆర్డినేటర్ చెబితే తప్ప తీసుకోకండి. మీకే అవసరమైతే అందరిలాగే ఫారం నింపి, లైన్లో మీ నంబరు వచ్చినప్పుడు తీసుకోండి. అందులో తప్పేమీ లేదు. ముందుగా మంచివి ఏరిపెట్టుకోవడమే తప్పు.

పిల్లలకి సర్వీస్ గంటలు వస్తాయా?

వస్తాయి. స్కూలు ఫారం మొదటి రోజే తీసుకెళ్లి, వెళ్లిన ప్రతిసారీ సంతకం పెట్టించుకోండి. నెలల తర్వాత వచ్చి 'నలభై గంటలు రాసివ్వండి' అంటే ఎవరూ రాయరు. కనీస వయసు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, చిన్నపిల్లలతో తల్లో తండ్రో ఉండాలి. తోటి విద్యార్థులు వచ్చే పాంట్రీ అయితే చెక్-ఇన్ దగ్గర కాకుండా వెనక గదిలో పని ఇప్పించండి.

ఎప్పుడు మనుషులు ఎక్కువ కావాలి?

థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో కాదు. అప్పుడు వాలంటీర్లు ఒకరికొకరు అడ్డం. జనవరి, ఫిబ్రవరిల్లో, స్కూలు భోజనాలు ఆగిపోయే వేసవిలో వెళ్లండి. నెలలో చూస్తే చివరి పది రోజులు రద్దీ, ఫుడ్ స్టాంపులు అప్పటికి అయిపోతాయి. 2025 నవంబరులో ప్రభుత్వ షట్‌డౌన్ వల్ల ఆ సాయం ఆలస్యమైనప్పుడు లైన్లు పార్కింగ్ దాటిపోయిన పాంట్రీలున్నాయి. రాలేకపోతే ముందు రోజైనా చెప్పండి. ఆరుగురితో నడిచే చోట చెప్పకుండా ఇద్దరు మానేస్తే ఒక బల్ల మూసేయాలి.

సరుకు మేలా, డబ్బు మేలా?

డబ్బు. పాంట్రీలు ఫుడ్ బ్యాంక్ నుంచి మనం దుకాణంలో పెట్టే ధర కంటే ఎంతో తక్కువకి తెచ్చుకుంటాయి, కరెంటు బిల్లు డబ్బాలతో కట్టలేరు. మీ కంపెనీ మ్యాచింగ్ (మీరిచ్చిన దానికి తోడుగా తనూ ఇవ్వడం) ఇస్తుందేమో చూడండి. కొన్ని కంపెనీలు మీరు పనిచేసిన గంటలకి కూడా డబ్బు పంపుతాయి, కొన్ని మాత్రం చర్చికి నేరుగా ఇవ్వవు, పాంట్రీకి వేరే రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. 250 డాలర్లు, ఆపైన ఇస్తే పన్ను కోసం రసీదు తప్పనిసరి. మీ సమయానికి పన్ను మినహాయింపు లేదు. ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్లకి కారు మైలుకి 14 సెంట్లు మాత్రం వస్తుంది.

మా తెలుగు సంఘం ఉగాదికి ఫుడ్ డ్రైవ్ (సరుకుల సేకరణ) పెడదామనుకుంటోంది. ఎలా?

నెల ముందే పాంట్రీని అడిగి ఐదు వస్తువుల జాబితా తెచ్చుకోండి. 'ఏదైనా తెండి' అంటే అల్మరా అడుగున ఉన్న పాత డబ్బాలే వస్తాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో వస్తువు చెప్పండి: వీధి వారీగానో, ఇంటిపేరు మొదటి అక్షరం వారీగానో. హాల్లోనే డేట్లు చూసి, రకాల వారీగా పెట్టెల్లో వేసి, పైన రాసి పంపితే పాంట్రీవాళ్లకి ఒక పూట పని తప్పుతుంది. ఏ రోజు, ఏ గంటకి, ఎన్ని పెట్టెలు తెస్తున్నారో ముందే చెప్పండి. పంచే రోజున మాత్రం తీసుకెళ్లకండి.